తాళంచెవి మీ చేతికి వచ్చిందా? బడి గ్రంథాలయ బాధ్యులకు శిక్షణ మార్గాలు

బడి గ్రంథాలయాల గురించి మేము లోగడ రాసిన చిన్న వ్యాఖ్యకు ఉపాధ్యాయుల నుంచి అనుకోనన్ని ఉత్తరాలు వచ్చాయి. గ్రంథాలయ బాధ్యత చూసేవారికి శిక్షణ ఎక్కడ దొరుకుతుందన్న ఒకే సంగతిని చాలావరకు వేర్వేరు మాటల్లో అడిగినవే కాబట్టి, వాటిలో ఐదింటిని ఎంచుకుని జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: అనకాపల్లి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. గత జూన్‌లో గ్రంథాలయ బాధ్యత కూడా నాకే అప్పగించారు. మూడు బీరువాలు, దాదాపు 900 పుస్తకాలు, సగం రాసి వదిలేసిన స్టాకు రిజిస్టరు ఒకటి నా చేతికి వచ్చాయి. గ్రంథాలయ శాస్త్రంలో నాకు ఏ శిక్షణా లేదు. ఉద్యోగం చేస్తూనే చదవగల కోర్సులు ఏమున్నాయి? వాటిలో నాకు ఏది తగినది?

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. గ్రంథాలయ శిక్షణ అని మనం ఒకే మాటతో పిలిచేదానిలో నిజానికి రెండు విద్యలున్నాయి. పుస్తకాన్ని నమోదు చేయడం, వర్గీకరించడం, సూచీ తయారుచేయడం, అడిగిన పుస్తకాన్ని వెతుకులాట లేకుండా తీసి ఇవ్వగలగడం మొదటిది. పాఠ్యపుస్తకం తప్ప మరొకటి ముట్టని పిల్లవాడి చేత ఇష్టంగా ఒక కథల పుస్తకం తెరిపించడం రెండోది. విశ్వవిద్యాలయాల కోర్సులు ప్రధానంగా మొదటి విద్యనే నేర్పుతాయి. 900 పుస్తకాలున్న గదికి అది కొంచెం చాలు. రెండోదే ఎక్కువ కావాలి. కాబట్టి సర్టిఫికెట్టు ఎందుకోసమో ముందు తేల్చుకోండి.

కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ ఉద్యోగం వంటి వాటిపై మీకు దృష్టి ఉంటే గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ, లేదా సాధారణ డిగ్రీతో పాటు ఏడాది డిప్లొమా తప్పనిసరి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) దూరవిద్యలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సును ఇంటర్మీడియట్ అర్హతతోనూ, ఏడాది బీఎల్ఐఎస్ (గ్రంథాలయ, సమాచార శాస్త్రంలో డిగ్రీ) కోర్సును డిగ్రీ అర్హతతోనూ నడుపుతోంది. తెలంగాణలోని ఉపాధ్యాయులకు 1982లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా అందుబాటులో ఉంది. ఈ చదువు మనకు కొత్తదేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా ప్రారంభించింది. ఏ దూరవిద్యా కోర్సులో చేరినా, ఆ కోర్సుకు ఆ సంవత్సరం యూజీసీ దూరవిద్యా మండలి గుర్తింపు ఉందో లేదో మండలి వెబ్‌సైటులో సరిచూసుకున్న తరువాతే ఫీజు కట్టండి. 2024 నుంచి దూరవిద్యలో చేరేవారికి డీఈబీ ఐడీ (ఆ మండలి పేరిట విద్యార్థి తీసుకునే గుర్తింపు సంఖ్య) కూడా తప్పనిసరి అయింది. మీరు ప్రభుత్వ ఉద్యోగి కనుక శాఖాపరమైన అనుమతి చేరడానికి ముందే కాగితం మీద తీసుకోవాలి. చదువు పూర్తయ్యాక అడిగితే ఆ డిగ్రీని సర్వీసు రిజిస్టరులోకి ఎక్కించుకోవడం కష్టమవుతుంది.

ఇక నా సొంత అభిప్రాయం. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరి, తరువాత మన దేశంలో గ్రంథాలయ శాస్త్ర పితామహుడిగా పేరుపొందిన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకుముందు గణితం చెప్పిన అధ్యాపకుడే. ఖాళీ గదిలో ఒంటరిగా కూర్చోవడం భరించలేక, పాఠాలు చెప్పుకోవడానికి తిరిగి పంపించమని కొద్ది రోజుల్లోనే పైవారిని వేడుకున్నారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చదువుతూ, ఆ దేశపు గ్రంథాలయాలను వరుసగా చూసివచ్చాక గాని ఆయన మనసు ఆ పనిపై నిలవలేదు. ఆయనకు తరగతి పాఠం ఎంత ఉపయోగపడిందో, నడుస్తున్న గ్రంథాలయాలను కళ్లారా చూడడం అంతకంటే ఎక్కువ ఉపయోగపడిందని నేననుకుంటాను. మీకు లండన్ అక్కర్లేదు, మీ మండలంలోని శాఖా గ్రంథాలయం చాలు. జిల్లా గ్రంథాలయ సంస్థల పరిధిలోని గ్రంథాలయాలు చాలావరకు శుక్రవారం సెలవు పాటించి ఆదివారం తెరిచి ఉంటాయి, అది ఉపాధ్యాయులకు కలిసివచ్చే సంగతి. అక్కడి గ్రంథపాలకుడిని అడిగి నాలుగు ఆదివారాలు పక్కన కూర్చోండి. పుస్తకానికి నమోదు సంఖ్య వేయడం, వీపు మీద చీటీ అంటించడం, డ్యూయీ దశాంశ వర్గీకరణలో (పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు ఇచ్చే పద్ధతి) తెలుగు సాహిత్యానికి 894.827 అనే సంఖ్య ఎలా వచ్చిందో తెలుసుకోవడం వంటివన్నీ చేతితో చేస్తేనే వంటబడతాయి. అయితే ఆ దశాంశాలన్నీ మీ బడిలో వాడవలసిన పనిలేదు. ఆరో తరగతి పిల్లలు వెతుక్కునే చోట రంగు చీటీలే మేలు.

ప్రశ్న: మా బడిలో (నల్గొండ జిల్లా) పుస్తకం పోతే జీతంలోంచి కోత పెడతారన్న భయంతో ఇంతకుముందు బాధ్యత చూసినవారు బీరువా తాళమే తీయలేదు. ఇప్పుడు నాదీ అదే భయం. ఈ విషయంలో ఎవరైనా శిక్షణ ఇస్తారా?

జవాబు: ఉపాధ్యాయులకు అన్నిటికంటే అవసరమైన శిక్షణ ఇదేననీ, ఏ శిక్షణా తరగతిలోనూ దీనికి గంటసేపు కూడా కేటాయించడం నేను చూడలేదనీ చెప్పక తప్పదు. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో మొదటిది పుస్తకాలు ఉపయోగించడానికేనని చెబుతుంది. తాళం వేసిన బీరువాలో పుస్తకం పోకపోవచ్చు కాని, చెదలు, తేమ, కాలం దాన్ని ఎలాగూ తినేస్తాయి.

నియమం ఏమంటుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017లోని 215వ నియమం ప్రకారం ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన లేదా వారు సంప్రదించిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు వరకు పోవడాన్ని సహేతుకమైన నష్టంగా పరిగణించవచ్చు. ఆ నష్టం నిజాయితీ లోపం వల్ల గాని నిర్లక్ష్యం వల్ల గాని జరిగి ఉండకూడదు. వెయ్యి రూపాయలకు మించిన ధర గల పుస్తకం, లేదా ధరతో నిమిత్తం లేకుండా అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ జరగాలి. 20,000 పుస్తకాలకు మించని గ్రంథాలయంలో ఏటా పూర్తి స్టాకు తనిఖీ చేయాలని కూడా ఆ నియమమే చెబుతుంది. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వర్తించేది, మీ బడికి నేరుగా వర్తించదు. అయినా పుస్తకాలు వాడుకలో అరుగుతాయి, కొన్ని పోతాయి అనే సంగతిని ప్రభుత్వమే ఒప్పుకుంటున్నదనడానికి ఇది మంచి ఆధారం.

ఆచరణలో మీరు చేయవలసింది ఇది. బాధ్యత తీసుకున్న వారంలోపే ప్రధానోపాధ్యాయుల సమక్షంలో ఉన్న పుస్తకాలను లెక్కించి, రిజిస్టరులో కనిపించి బీరువాలో కనిపించని వాటి జాబితా రాసి, ఇద్దరూ తేదీతో సంతకాలు చేయండి. ఆ కాగితం లేకపోతే పాతవారి లోటు మీ లెక్కలోకి వచ్చి చేరుతుంది. తరువాత ఏప్రిల్‌లో, వేసవి సెలవులకు ముందు, ఏటా ఒకసారి మళ్లీ లెక్కించండి. చిరిగిన, కాలం చెల్లిన పుస్తకాలను వేరుచేసి తొలగింపునకు ప్రతిపాదన పంపే పద్ధతిని స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశంలో ఒక అంశంగా పెట్టమని కోరండి. అదే మండలంలోని బాధ్యులందరూ తమ రిజిస్టర్లు తెచ్చుకుని కూర్చుంటే ఆ పూట గొప్ప శిక్షణా తరగతి అవుతుంది.

ప్రశ్న: నేను కర్నూలు జిల్లాలో ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచరును). వర్గీకరణ నాకు అక్కర్లేదు. పిల్లల చేత చదివించడం నేర్పే శిక్షణ కావాలి.

జవాబు: మీరు అడిగినదానికి నేరుగా సరిపోయేది టాటా ట్రస్టుల ‘పరాగ్’ విభాగం నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సు. ఏడు నెలల ఈ కోర్సులో కొన్ని రోజులు ముఖాముఖి తరగతులు, మిగిలినకాలం ఇంటినుంచి చదువు, మీ బడిలోనే చేయవలసిన పని ఉంటాయి. బాలసాహిత్యాన్ని పెద్దవాళ్లే ముందు శ్రద్ధగా చదవాలన్నది దాని పునాది. హిందీ, ఇంగ్లీషు భాషల్లో నడుస్తూ వచ్చిన ఈ కోర్సులో ఇంగ్లీషులో వ్యాసాలు చదివి, రాయగలిగిన ఉపాధ్యాయులు చేరితే ఎంతో లాభపడతారు. తెలుగులో అటువంటి పాఠ్యక్రమం ఒకటి తయారుచేయడం ఎస్‌సీఈఆర్‌టీలకు (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లకు), జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన డైట్ కళాశాలలకు అసాధ్యమైన పనేమీ కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ఎవరో ఒకరు పూనుకోవాలి.

జాతీయ విద్యావిధానం, 2020 ప్రతి ఉపాధ్యాయుడికి ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాసాన్ని నిర్దేశించింది. అందులో కొంత భాగాన్ని ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణ వేదిక ‘దీక్షా’లో చదవడం, తొలి అక్షరాస్యతలకు సంబంధించిన కోర్సులతో నింపుకోవచ్చు; వాటికి ఖర్చు లేదు, పూర్తిచేశాక ధ్రువపత్రమూ వస్తుంది. కాని ఒక హెచ్చరిక: ఫోనులో వీడియోను నడవనిచ్చి, పక్కన రికార్డులు రాసుకుంటూ సంపాదించిన ధ్రువపత్రాల కట్ట ఏ పిల్లవాడికీ ఒక్క వాక్యం చదివి వినిపించదు.

మీ తరగతిలో పది నిమిషాల సాధన అంతకంటే ఎక్కువ నేర్పుతుంది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ ప్రచురణలు అచ్చులో లభిస్తాయి. ఒక కథను ముందురోజు ఇంట్లో మూడుసార్లు పైకి చదవండి. ఎక్కడ ఆగాలో, ఏ బొమ్మ ముందు పుస్తకాన్ని పిల్లల వైపు తిప్పాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. చదివాక నీతి ఏమిటని అడగకండి. ఆ ప్రశ్న వినిపించగానే కథ పాఠమైపోతుంది. పుస్తకాన్ని పిల్లలకు అందే ఎత్తులో, అట్ట కనిపించేలా తాడు మీద వేలాడదీయండి. వారం తరువాత దాన్ని ఎంతమంది చేతిలోకి తీసుకున్నారో రాసుకోండి. ఈ రాతలు మీ తరువాతి శిక్షణలో చర్చకు పనికివస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉపాధ్యాయురాలు. అక్కడ టీచర్ లైబ్రేరియన్ అనే ప్రత్యేక హోదా ఉందట. దానికి చదువేమిటి?

జవాబు: ఆస్ట్రేలియాలో ఆ పేరు ఉపాధ్యాయ అర్హత, గ్రంథాలయ అర్హత రెండూ ఉన్నవారికే చెందుతుంది. చార్లెస్ స్టర్ట్ విశ్వవిద్యాలయం టీచర్ లైబ్రేరియన్‌షిప్‌లో మాస్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్ కోర్సును ఆన్‌లైన్‌లో నడుపుతోంది కాబట్టి ఉద్యోగం మానకుండా చదవవచ్చు. చేరేముందు అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య (ఇఫ్లా) 2015లో వెలువరించిన పాఠశాల గ్రంథాలయ మార్గదర్శకాలను ఒకసారి చదవమనండి, ఆ వృత్తిలో ఏమేం చేయాల్సి ఉంటుందో తెలుస్తుంది. ఆ పత్రం మన ఉపాధ్యాయులకు కూడా పనికివస్తుంది.

ప్రశ్న: కేంద్రప్రభుత్వ పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద వచ్చే గ్రంథాలయ నిధిని నా శిక్షణ ఫీజుకు వాడుకోవచ్చా?

జవాబు: కూడదు. బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల వరకు ఉండే ఆ నిధి పిల్లల పుస్తకాల కోసం ఉద్దేశించినది. శిక్షణకు వేరే పద్దు ఉంటుంది. దాని సంగతి మీ మండల విద్యాశాఖాధికారిని లిఖితపూర్వకంగా అడగండి.