‘అన్నయ్య రాలేదా?’ అని ఆయన అడుగుతుంటే...

ప్రశ్న: మా వారికి 43 ఏళ్లు. ఏడు నెలల కిందట వైరస్ వల్ల మెదడువాపు వచ్చి 11 రోజులు స్పృహలో లేరు. ప్రాణం దక్కింది గానీ ఐదారేళ్ల సంగతులు చాలావరకు పోయాయి. పెళ్లి, పెద్దమ్మాయి చిన్నతనం బాగా గుర్తున్నాయి. మొదట్లో పొద్దున చెప్పింది మధ్యాహ్నానికే మర్చిపోయేవారు, ఇప్పుడు ఒక్కోసారి మర్నాటిదాకా ఉంటోంది. రోజూ రాత్రి ఆల్బమ్ ముందు పెట్టి ‘ఇదెవరు, ఇదెప్పుడు’ అని అడుగుతుంటే విసుక్కుంటున్నారు. నాలుగేళ్ల కిందట ఆస్తి పంపకాల్లో మా బావగారితో మాటలు పోయాయి. అది ఈయనకు గుర్తులేదు. ‘అన్నయ్య రాలేదా?’ అని రోజూ అడుగుతారు. ఊళ్లో లేరని నేనూ మా అత్తగారూ చెప్తున్నాం. జ్ఞాపకశక్తి పూర్తిగా రావడానికి ఇంకా ఎన్ని నెలలు పడుతుంది? ఏ ఎక్సర్‌సైజులు చేయించాలి?

జవాబు: అమ్మా, ఎన్ని నెలలో ఆయన్ని చూస్తున్న న్యూరాలజిస్టు కూడా తేదీ వేసి చెప్పలేరు. మొదటి కొన్ని నెలల్లో మార్పు ఎక్కువ కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఏడాది దాటాక కూడా కొంత కొంత రావచ్చు. కొన్ని ఎప్పటికీ రాకపోవచ్చు.

ఆల్బమ్ పరీక్ష మాత్రం ఈ రాత్రి నుంచే మానేయండి. రోజంతా అలసిన మెదడది. పైగా ఇలాంటి స్థితిలో ఊహించి తప్పు జవాబు చెప్తే ఆ తప్పే నాటుకుంటుంది. సరిదిద్దిన సంగతి గుర్తుండదు, నోటినుంచి వచ్చిన మాట ఉండిపోతుంది. అడగకండి, మీరే చెప్పండి: ‘ఇది మన చిన్నోడి నాలుగో పుట్టినరోజు’ అని. ఒక నోట్‌బుక్ ఎప్పుడూ ఒకే చోట ఉంచి, ఆ రోజు ఎవరొచ్చారో, ఏ మాత్ర వేసుకున్నారో ఆయన చేతే రాయించండి. కంటినిండా నిద్రపోనివ్వండి. ఎక్సర్‌సైజుల గురించి నాకింతకన్నా చెప్పాలని లేదు, ఎందుకంటే నన్ను ఆపేసింది మీరు ప్రశ్నగా కూడా రాయని ఆ బావగారి సంగతి.

మెదడు దెబ్బతిన్నప్పుడు కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి గట్టిగా నిలుస్తాయి. ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో 1881లోనే ఈ మాట రాశాడు. మీ ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. గొడవ పోయింది, అన్న మిగిలాడు. ఆ మిగిలిన అన్న కోసం ఆయన రోజూ ఎదురుచూస్తుంటే, మీరిద్దరూ కలిసి రోజూ అబద్ధం చెప్తున్నారు. అన్నీ గుర్తుకు రావాలంటున్నారు గానీ, ఇదొక్కటీ రాకపోతే బాగుండునని మీకు లోపల ఉంది. తప్పు పట్టడం లేదు, ఆ గొడవలో మీరెంత నలిగారో నాకు తెలియదు. న్యాయం మీవైపే ఉండొచ్చు. కానీ గతం అందని మనిషికి పక్కవాళ్ల మాటే జ్ఞాపకం. ఆ మాట నిజం కాకపోతే ఆయన దేన్ని పట్టుకుని నిలబడతారు?

‘ఎలాగూ మర్చిపోతారు కదా’ అనుకోకండి. జెనీవాలో క్లాపరేడ్ అనే వైద్యుడు తనను ఏ రోజూ గుర్తుపట్టని ఒక పేషెంటుకు, వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని చెయ్యి కలిపాడు. ఆ తర్వాత ఆయన చెయ్యి చాపితే ఆవిడ తన చెయ్యి వెనక్కి లాగేసుకుంది. సూది గుచ్చిన సంగతి మాత్రం ఆవిడకు గుర్తే లేదు. 1911లో ఆయన రాసిన సంగతి ఇది. సంఘటన చెరిగిపోయినా, గుచ్చుకున్నది ఉండిపోతుంది. మీ వారి విసుగంతా ఆల్బమ్ మీదే అని నాకు నమ్మకం లేదు. ‘అన్నయ్య’ అనగానే మీ ముఖాలు మారడం ఆయన రోజూ చూస్తున్నారు.

నానాటికీ ముదిరే మతిమరుపు జబ్బుల్లో ప్రతిసారీ చేదు నిజం చెప్పక్కర్లేదంటారు, అది వేరు. మీ వారు కోలుకుంటున్నారు. రేపో మాపో అదంతా ఆయనకే గుర్తుకొస్తే, లేదా ఎవరో నోరు జారితే, ఇన్నాళ్లూ మీరు చెప్పిన మిగతా మాటలన్నీ అనుమానంలో పడతాయి. డాక్టరుతో ఒకమాట అనుకుని, పగటిపూట ఆయన నెమ్మదిగా ఉన్నప్పుడు చెప్పండి. ‘నాలుగేళ్ల కిందట పంపకాల్లో మీ ఇద్దరికీ మాటలు పోయాయి. అప్పట్నుంచి రాకపోకల్లేవు.’ అంతే. తప్పు ఎవరిదో చెప్పకండి. మర్చిపోయి మళ్లీ అడిగితే మళ్లీ అవే మాటలు చెప్పండి. ప్రతిసారీ కొత్తగా బాధపడతారు, అది చూడటం మీకు చాలా కష్టం. అందుకే ఆ రెండు ముక్కలూ ఆయన దస్తూరీతోనే నోట్‌బుక్‌లో ఉండాలి.

కలవాలా వద్దా అన్నది విన్నాక ఆయన తేల్చుకుంటారు. తన అన్నతో మాట్లాడాలో లేదో తేల్చుకునే హక్కు జబ్బుతో పోలేదు. బావగారు వస్తే ‘నన్ను గుర్తుపట్టావా’ అని అడగొద్దని, ఆస్తి ఊసెత్తొద్దని ముందే చెప్పండి. డాక్టరు సరేననేదాకా ఎవరూ ఆయన చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించకూడదు, మీరు కూడా.

ఇంకొకటి. తమ్ముడు 11 రోజులు స్పృహలో లేడని బావగారికి ఎవరైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ముందు ఆ ఫోన్ చేయండి. మీకు మనసొప్పకపోతే అత్తగారి చేత చేయించండి. ఆవిడకు ఇద్దరూ కొడుకులే.