నాలుగేళ్ల పాపకి బొమ్మల పుస్తకాలతో చిత్రకళ పరిచయం చేయొచ్చా?

మీ పాపకి నాలుగేళ్లని, గొప్ప చిత్రకారుల బొమ్మలు ఇప్పట్నుంచే చూపించాలనుందని, ఏ పుస్తకాలు కొంటే బాగుంటుందో చెప్పమని అడిగారు. పుస్తకాల పేర్లు ఇక్కడ చాలామంది చెప్తారు. నాకు చెప్పాలనిపించింది వేరే ఉంది. పుస్తకం కొన్నాక పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది. నా దృష్టిలో అసలు సంగతి అదే.

నేను ఆర్టిస్టుని కాను, టీచర్నీ కాను. మాది గుంటూరు జిల్లా. పెళ్లయి మద్రాసు వచ్చి 38 ఏళ్లయింది, క్రోంపేటలో ఉంటాం. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఆఫీసులకి వెళ్తారు కాబట్టి బడి లేని వేళంతా మనవరాలు నా దగ్గరే. నాకు తెలిసిందంతా ఆ పిల్లతో కూర్చుని తెలుసుకున్నదే.

రెండేళ్ల కిందట మా అమ్మాయి ఒక పిల్లి పుస్తకం తెచ్చింది. అందులో ఒక పేజీలో ఇల్లంతా కనిపించేలా వేశారు, పైకప్పు తీసేసి పైనుంచి చూస్తున్నట్టు. గుమ్మం దగ్గర పిల్లి, వంటింట్లో పాలగిన్నె దగ్గర పిల్లి, మంచం కింద పిల్లి, కిటికీలో పిల్లి. ఆ పేజీలో ఒక్క అక్షరం లేదు. మొదటిరోజు మా మనవరాలు వేలుపెట్టి లెక్కపెట్టి "నాలుగు పిల్లులు" అంది. "కాదమ్మా, ఒక్కటే పిల్లి, ఇల్లంతా తిరుగుతోంది" అని నోటిదాకా వచ్చింది. అప్పుడు చేతిలో గోంగూర కట్ట, పొయ్యి మీద పప్పు. ఈలోగా కుక్కర్ కూత పెట్టింది, నేను లేచి వెళ్లాను. ఆ మాట అలా ఉండిపోయింది.

తర్వాత వారం పదిరోజులు ఆ పేజీయే. పుస్తకం తెరిస్తే అదే. మిగతా పేజీలు తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. ఒకరోజు మధ్యాహ్నం నేను నడుం వాల్చి ఉంటే వచ్చి లేపింది. "అమ్మమ్మా, పిల్లి ఒక్కటే. పాలు తాగింది కదా, మూతి తెల్లగా అయింది. మంచం కింద కూడా మూతి తెల్లగానే ఉంది చూడు. గుమ్మం దగ్గర ఉన్నప్పుడు లేదు. అప్పటికింకా తాగలేదు."

నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను. నిజమే. మూతి మీద ఆవగింజంత తెలుపు. అన్నిసార్లు ఆ పేజీ చూసిన నాకు అది కనబడలేదు. ఆ రోజు నేను గబుక్కున జవాబు చెప్పేసి ఉంటే, ఆ పిల్ల పదిరోజులు ఆ బొమ్మలో వెతికేది కాదు.

ఇప్పుడు అసలు కథ. ఆ తర్వాత కొన్ని నెలలకి దాన్ని ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లాను. మొదటిసారి శుక్రవారం వెళ్లి గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చాం. శుక్రవారం సెలవు, మీరు వెళ్లేటప్పుడు గుర్తుపెట్టుకోండి. మళ్లీ మంగళవారం ఎలక్ట్రిక్ రైలెక్కి వెళ్లాం.

నేను అక్కడికి వెళ్లేది అమరావతి బౌద్ధ స్తూపం రాళ్ల కోసం. చిన్నప్పుడు మా ఊరి నుంచి అమరేశ్వరుడి గుడికి వెళ్తే, మా నాన్న దగ్గర్లో ఉన్న మట్టిదిబ్బ చూపించి "ఇది దీపాలదిన్నె, దీని బొమ్మలన్నీ మద్రాసులోనూ లండన్‌లోనూ ఉన్నాయి" అనేవారు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి రాళ్లు మద్రాసు పంపించాడు. 1859లో వాటిలో చాలా భాగం లండన్‌కి ఓడెక్కింది. మా ఊరి పక్క బొమ్మలు చూడాలంటే నేను మద్రాసు కోడలిని కావాల్సి వచ్చింది. ఈ బాధ వేరు, దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాను.

ఆ గ్యాలరీలో ఒక గుండ్రటి పలక ఉంది. పలనాటి సున్నపురాయి, పద్దెనిమిది వందల ఏళ్ల నాటిది. నాళాగిరి అనే ఏనుగు కథ చెక్కారు. బుద్ధుణ్ణి చంపించాలని దేవదత్తుడు రాజగృహం వీధిలోకి మదపుటేనుగుని వదిలిస్తాడు. అది జనాన్ని తొక్కుకుంటూ వచ్చి, చివరికి బుద్ధుడి కాళ్ల దగ్గర మోకరిల్లుతుంది. ఆ చిన్న గుండ్రంలోనే వీధి ఉంది, పడిపోయిన మనుషులున్నారు, మేడ మీది కిటికీల్లోంచి తొంగిచూసే జనం ఉన్నారు, రెండు ఏనుగులు ఉన్నాయి. ఈ పలక ఫొటో నేను పుస్తకాల్లో ఎన్నిసార్లు చూశానో. ఒక ఏనుగు దాడి చేస్తోంది, ఇంకో ఏనుగు దండం పెడుతోంది అనే అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

మా మనవరాలికి కథ ఏమీ చెప్పలేదు. ఎత్తుకుని నిలబడ్డాను, అంతే. నాలుగేళ్ల పిల్లని ఎత్తుకుని ఎంతసేపు నిలబడగలం, చేతులు లాగేస్తున్నాయి. అది మాత్రం కదలదు. ముట్టుకోకూడదని ముందే చెప్పాను కాబట్టి గాల్లోనే వేలు తిప్పుతూ చూసింది. చివరికి అంది: "కోపంగా వచ్చింది. తర్వాత ఇక్కడికొచ్చి దండం పెట్టింది. ఏనుగు ఒక్కటే అమ్మమ్మా. పిల్లిలాగా."

నాకు ఒళ్లు జలదరించింది. అక్కడ కాపలా ఉన్న పెద్దాయనకి తెలుగు ఎంత వచ్చో తెలియదు గానీ, పిల్ల వేలు తిప్పడం చూసి విషయం పట్టేసినట్టున్నారు. నవ్వి "ఒరే యానైదాన్ పాప్పా" అన్నారు. ఒకటే ఏనుగు. అప్పుడు నేను మళ్లీ చూశాను. ఆ గుండ్రం మొత్తం కదిలింది నాకు. అరవై దాటిన దాన్ని, ఆ బొమ్మని మొదటిసారి చూసింది ఆ రోజే.

అందుకే మీ ప్రశ్నకి నా జవాబు: చేయొచ్చు, తప్పకుండా చేయొచ్చు. అయితే బొమ్మల పుస్తకం చేసే పని గొప్పవాళ్ల పేర్లు నేర్పడం కాదు. బొమ్మని చదవడం నేర్పుతుంది. అది వచ్చిన పిల్ల ఏ గోడ ముందు నిలబెట్టినా చూస్తుంది. అది రాని వాళ్లని పారిస్ తీసుకెళ్లినా సెల్ఫీ దిగి వస్తారు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పిల్లవాడికి మూడేళ్లు కూడా లేవు. వాళ్లమ్మ కార్డులు చూపిస్తే "వాంగో, పికాసో, డావిన్సీ" అని గడగడా చెప్తాడు. ఇంటికెవరైనా వస్తే చెప్పిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ కార్డు ఒక్కొక్కటి వాడి కళ్ల ముందు రెండు సెకన్లు కూడా ఉండదు. ఎక్కాలు ఒప్పజెప్పడానికీ దీనికీ తేడా ఏముంది? ఆ పిల్లవాడు తెలివైనవాడు. వాడి చేతికి ఒక్క బొమ్మ ఇచ్చి అరగంట వదిలేస్తే ఎన్ని చెప్తాడో.

పుస్తకం చూసేటప్పుడు కూడా మనం ఊరుకోం. "ఇదేంటి? ఏనుగు. ఏ రంగు? తొండం ఏది? ఎన్ని కాళ్లు?" ఇది పరీక్ష. పిల్ల బొమ్మ వైపు చూడటం మానేసి మన మొహం వైపు చూస్తుంది, జవాబు సరిపోయిందో లేదోనని. దయచేసి ఇది మానేయండి. వాళ్లు అడిగితే చెప్పండి. లేదంటే పక్కన కూర్చుని మీరూ ఆ బొమ్మే చూడండి.

ఇంకా కోపం వచ్చే సంగతి డ్రాయింగ్ క్లాసులు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, ముందు నుంచి పారే ఏరు. ఈ బొమ్మ నేను బళ్లో వేశాను, మా అమ్మాయి వేసింది, ఇప్పుడు మనవరాలితోనూ వేయిస్తున్నారు. మొన్న బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. ఏనుగుకి ఎర్ర రంగు వేసిందట, దాని మీద అడ్డంగా గీత కొట్టి పంపించారు. పిల్ల ఏడవలేదు గానీ ఆ తర్వాత రెండు వారాలు రంగుల డబ్బా తీయలేదు. నేనే మా ఇంట్లో గోడకున్న కాళహస్తి కలంకారీ గుడ్డ దగ్గరకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. రామాయణం అది. వెదురు కలంతో గీసి, రంగులద్దిన గుడ్డ. అందులో నల్లవాళ్లు లేరు, తెల్లవాళ్లు లేరు. నీలం రాముడు, పసుపు సీత, ఆకుపచ్చ హనుమంతుడు. మీరు వేసిన రంగులు తప్పని ఆ గుడ్డ వేసినాయనతో చెప్పండి చూద్దాం.

ఆ గుడ్డలోనూ రాముడు ఒకచోట విల్లు విరుస్తాడు, పక్క గడిలో పడవెక్కుతాడు, ఇంకో గడిలో లేడి వెంట పరిగెడతాడు. ఒక్కడే రాముడు. అమరావతి రాయీ అంతే, మా పిల్లి పుస్తకమూ అంతే. అందుకే నేను గట్టిగా నమ్మేది ఏమిటంటే, బొమ్మల పుస్తకం మనకి బయట నుంచి వచ్చిన సరుకు కాదు. కాగితం కొత్తది కావచ్చు, బొమ్మతో కథ చెప్పడం మనకి రెండువేల ఏళ్ల అలవాటు. పిల్లలకి గొప్ప చిత్రకళ అనగానే మోనాలిసాతో మొదలుపెట్టాల్సిన పనిలేదు. ముందు ఇంటి గోడ, ఊరి గుడి, తర్వాత ఏ దేశమైనా.

చందమామ సంగతి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. 1947 జులైలో ఈ మద్రాసులోనే మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి పెట్టారు. తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి వచ్చింది. మేం బొమ్మలు చూడటం నేర్చుకున్నది వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలతో, చిత్రా గారి బొమ్మలతో, విక్రమార్కుడి భుజం మీద బేతాళుణ్ణి వేలాడదీసిన శంకర్ గారితో. "వ.పా." అన్న సంతకం నాకు అక్షరాలు పూర్తిగా రాకముందే గుర్తుపట్టడం వచ్చు. ఆ ముఖచిత్రంలో చీర అంచు ఎలా ఉందో, నగ ఎక్కడ మెరుస్తోందో మా అమ్మ, పిన్ని కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. వాటిని ఎవరూ ఫైన్ ఆర్ట్ అనలేదు. నెలకో పుస్తకంగా ఇంట్లోకి వచ్చేది, అందరూ చూసేవాళ్లు. మా నాన్న ఏడాదికొకసారి బైండు చేయించేవారు. పద్నాలుగు బైండ్లు ఉండేవి. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, నేను ఇక్కణ్ణించి వెళ్లేలోపు, పాత పేపర్లతో పాటు కాటాకి వేసేశారు. ఎవరినీ అనలేను, ఎవరికీ చోటు లేదు. కానీ మనవరాలు పిల్లి మూతి చూపించిన రోజు నాకు ఆ బైండ్లు గుర్తొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు. మీ ఇళ్లలో అటకల మీద ఉంటే దించండి. పిల్లల చేతికి ఇవ్వండి, చిరిగినా సరే.

కొనేవాటి గురించి కూడా నాలుగు మాటలు. చెన్నైలోనే తూలిక వాళ్లు తెలుగులో కూడా బొమ్మల పుస్తకాలు వేస్తారు, ఇంగ్లిషు పక్కనే తెలుగు ఉన్నవీ దొరుకుతాయి. తిరువాన్మియూరులో తార బుక్స్ అనే ప్రచురణ సంస్థ ఉంది. అక్కడ గోండు గిరిజన చిత్రకారులు భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి వేసిన చెట్ల పుస్తకం ఒకటి దొరుకుతుంది. నల్ల కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్‌తో, చేత్తో అచ్చువేసింది. వేలితో తడిమితే రంగు తగులుతుంది. మా మనవరాలు దాన్ని చూడకముందు వాసన చూసింది. ధర ఎక్కువే. మా అల్లుడు ముందు గొణిగాడు, తర్వాత తనే రాత్రిళ్లు దానితో కూర్చుని చూస్తున్నాడు. తళతళలాడే నున్నటి కాగితం, అందరికీ ఒకే కళ్లు, ఒకే ముక్కు ఉన్న కంప్యూటర్ బొమ్మలు వద్దు. ట్యూబ్‌లైటు కింద పెడితే బొమ్మ కన్నా మెరుపే ఎక్కువ కనబడుతుంది. పది పుస్తకాలు ఒకేసారి కొనకండి. ఒకటి కొని, అది నలిగిపోయాక రెండోది.

ఫోన్‌లో చూపిస్తే సరిపోదా అని మా అల్లుడే ఒకసారి అడిగాడు. సరిపోదు. ఫోన్‌లో వేలు పెడితే బొమ్మ జరిగిపోతుంది. పుస్తకంలో వేలు పెడితే అక్కడే ఉంటుంది.

సెలవు రోజుల్లో ఇంజంబాక్కంలో ఉన్న చోళమండలానికి కూడా వెళ్లండి. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ గారు 1966లో మొదలుపెట్టిన చిత్రకారుల ఊరు అది. తోటలోనే శిల్పాలుంటాయి, పిల్లలు చుట్టూ తిరిగి చూడొచ్చు. వెళ్లేటప్పుడు మంచినీళ్లు, తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి. ఆకలేసిన పిల్లకి ఏ బొమ్మా కనబడదు.

పోయిన ఆదివారం మా మనవరాలు పాత కేలెండర్ కాగితం వెనక నాళాగిరిని వేసింది. ఈ చివర ఒక ఏనుగు, ఆ చివర ఒక ఏనుగు, రెండూ ఎర్రవే. మధ్యలో ఒక చెప్పు పడి ఉంది. చెప్పు ఎవరిదో నేను అడగలేదు. కాగితం బీరువా తలుపుకి అంటించాను, రోజూ అటే వెళ్తూ చూస్తున్నాను. తనింకా చెప్పలేదు.