పంటి గీతకు వెనీరా? ముందు ఇది చదువు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. పై ముందు పంటి మీద నిలువుగా ఒక సన్నగీత, పక్క పంటి మూల కొంచెం ఎగిరిపోయింది. దీనికి అనంతపురంలో ఎనిమిది వెనీర్లు వేయించుకోమన్నారంట! సోడా మూతలు పళ్లతో తీయొద్దని మీ అమ్మ ఎంత మొత్తుకున్నా వినకపోతివి, సరే, ఇప్పుడు అదంతా ఎందుకులే. కడపలో ఇన్నేళ్లు డెంటల్ ల్యాబ్‌లో కూర్చుని క్యాపులూ వెనీర్లూ చేసినవాణ్ణి కాబట్టి ఒకటే చెప్తున్నా, ఆ గీత ఎంత లోతుకు పోయిందో తేలేదాకా దేనికీ ఒప్పుకోవద్దు. రేటు, రంగు, ఎన్ని పళ్లు అనేవన్నీ ఆ తర్వాతి మాటలు.

వెనీర్ అంటే పంటి ముందువైపు మాత్రమే అతికించే పలుచని పింగాణీ పెంకు. అర మిల్లీమీటరుకు అటూ ఇటూ, గోరంత మందం. అచ్చు మీంచి తీసి వేలి కొన మీద పెట్టుకుంటే కింద చర్మం రంగు తెలుస్తుంది, కాస్త గట్టిగా పట్టుకున్నామా, పుటుక్కుమంటుంది. పంటికి అతుక్కున్నాకే దానికి బలం, అదీ కింద ఎనామిల్, అంటే పంటి మీది తెల్లటి పైపొర, గట్టిగా ఉంటేనే. లోపల పన్నే చీలుతుంటే ముందు నుంచి పెంకు అతికించి ఏం ఆపుతాం? పన్నంతా తొడుగులా కప్పి చుట్టూ పట్టి ఉంచేది క్యాపే.

నీ పంటి మీద గీత ఎనామిల్‌లోనే ఆగిపోయిందేమో, ఫోటో చూస్తే నాకు అలాగే అనిపిస్తోంది, కానీ ఫోటో చూసి తేల్చే పని కాదిది. అలాంటి గీతలు పెద్దోళ్లలో చాలామందికి ఉంటాయి, నొప్పి లేకపోతే వాటి జోలికే పోనక్కర్లేదు. డాక్టర్ పక్క నుంచి చిన్న లైటు వేసి చూస్తారు. పైపై గీతైతే వెలుగు పన్నంతా పాకుతుంది, లోతు చీలికైతే అక్కడికక్కడే ఆగిపోతుంది. ఒక్కో పంటితో చిన్న ముక్క కొరికించి కూడా చూస్తారు. కొరికినప్పటికంటే వదిలేటప్పుడు చురుక్కుమంటే చీలిక ఉందని అనుమానించాలి. చల్లనీళ్లు తాగాక జివ్వుమని చాలాసేపు ఉంటే నరం దాకా పోయిందేమో చూడాలి, అప్పుడు లోపలి నరం తీసి పూడ్చే రూట్ కెనాల్, దాని మీద క్యాప్. చీలిక వేరు దాకా దిగితే చాలాసార్లు పన్ను తీసేయడమే. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని ధీమాగా ఉండొద్దు, కిరణం చీలిక వెంబడి పడితే తప్ప అది ఫిల్ములో కనపడదు. దవడ పళ్లకు నెర్రె వస్తే మాత్రం వెనీర్ మాటే ఎత్తొద్దు, నమిలే బరువంతా వాటి మీదే కదా.

ఇక ఆ ఎనిమిది సంగతి. ఒక్క పంటికి పక్క పళ్ల రంగు కలిసేలా చేయడం ల్యాబ్‌లో మాకు పెద్ద తలనొప్పి. ఎనిమిదీ ఒకేసారి చేస్తే అన్నీ ఒకే రంగు, పని సులువు, బిల్లు పెద్దది. మా సులువు కోసం నీ మంచి పళ్లు ఎందుకు అరగదీయాలిరా? ఎనామిల్ అరిగితే మళ్లీ పెరగదు, ఒకసారి వెనీర్ కోసం అరగదీశాక జీవితాంతం ఏదో ఒకటి కప్పుకోవాల్సిందే. మంచి సెరామిక్ వెనీర్ 10–15 ఏళ్లు వస్తుంది అనుకున్నా, నీ వయసుకు ఇంకా ఎన్నిసార్లు మార్చాలో లెక్కేసుకో. మూల ఎగిరిన పంటికి కాంపోజిట్ పెట్టమని అడుగు. అది ఫిల్లింగ్ సామానే, ఒక్క రోజులో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. కొన్నాళ్లకు టీ కాఫీల రంగు పట్టొచ్చు, కాస్త పెచ్చు లేవొచ్చు, అయినా మళ్లీ సరిచేసుకునే వీలుంటుంది.

అన్నీ చూశాక వెనీరే సరైనదని తేలితే వేయించుకో, నేనేమీ దానికి శత్రువును కాను. రంగు మాత్రం పగటి వెలుగులో, పన్ను అరగదీయకముందే ఎంచుకోమను. నోరు చాలాసేపు తెరిచి ఉంచితే పన్ను ఆరి తెల్లగా కనపడుతుంది, అప్పుడు ఎంచిన రంగు తర్వాత కలవదు. ఇంకో మాట, చిన్నప్పుడంతా మీ ఊరి బోరు నీళ్లు తాగినావని డాక్టరుకు చెప్పు. మన అనంతపురం వైపు చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంటుంది. ఆ నీళ్లతో మచ్చపడిన ఎనామిల్ మీద అతికించే ముందు పూసే యాసిడ్ సరిగా పని చేయదు, దానికి తగ్గట్టు వాళ్లు జాగ్రత్త పడాలి. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటు ఉందేమో మీ అమ్మనడుగు, ఉంటే నైట్ గార్డ్, అంటే పడుకునేటప్పుడు పళ్లకు పెట్టుకునే తొడుగు, లేకుండా ఏం వేసినా ఊడేదే.

నమ్మకం కుదరకపోతే కడపకు రా. రిమ్స్ ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకుందాం, నేనూ వెంట వస్తా. తీసిన ఎక్స్‌రే, వాళ్లు రాసిచ్చిన కాగితం తెచ్చుకో. అంతవరకు ఆ పంటితో చెరకు గానీ వక్క గానీ కొరకొద్దు, ఎవరికీ అడ్వాన్స్ కట్టొద్దు.

మీ మామ