చలికాలపు పెళ్లికూతురు: మేనకోడలికి ఒక ఉత్తరం

తల్లీ,

అత్త ఆశీస్సులు. ఆదిలాబాద్‌లో పార్లర్ తెరిచావనీ, మాఘమాసం ముహూర్తాలకు ఇప్పటినుంచే పెళ్లివాళ్లు వచ్చి మాట్లాడుకుంటున్నారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషించాను. అయితే నువ్వు పని నేర్చుకున్నది విజయవాడలో. అక్కడ మనం పోరాడేది చెమటతో. మేకప్‌కు ముందు రాసే ప్రైమర్ మొదలు పౌడర్ దాకా అన్నీ జిడ్డు తేలకుండా చూసుకునే ఏర్పాట్లే. ఆదిలాబాద్ సంగతి వేరు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు దిగిపోయే ఊరు అది. అక్కడి పొడి గాలి చర్మంలో ఉన్న కాస్త తేమనూ లాగేస్తుంది. విజయవాడ పద్ధతినే అక్కడా పాటిస్తే ముహూర్తం వేళకు ముక్కు పక్కన, పెదవుల చివర్లలో ఫౌండేషన్, అంటే చర్మపు రంగులో వేసే మేకప్ పూత, పొలుసులుగా లేస్తుంది.

చలికాలంలో మేకప్ కుదరడం, కుదరకపోవడం చాలావరకు నెల ముందే తేలిపోతుంది. అందుకే అడ్వాన్సు ఇచ్చిన రోజునే అమ్మాయిని కూర్చోబెట్టి మాట్లాడు. స్నానం ఎలా చేస్తుందో అడుగు. చలికి మరిగే నీళ్లు పోసుకోవడం అందరికీ హాయిగానే ఉంటుంది. కానీ చర్మం పైపొరలో తేమను పట్టి ఉంచే కొవ్వులు ఆ వేడికీ సబ్బుకూ కొట్టుకుపోతాయి. గోరువెచ్చని నీళ్లతో, పది నిమిషాల్లో స్నానం ముగించమను. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటి మీద తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాసుకోమను. ఒళ్లు పూర్తిగా ఆరిపోయాక ఎంత ఖరీదైన క్రీము రాసినా అంత ఫలితం ఉండదు.

గ్లిజరిన్ చవక, మంచిది కూడా. కానీ చాలామంది దాన్ని సీసాలోంచి తీసి నేరుగా రాసుకుంటారు. దాని గుణం తేమను లాగడం. గాలిలో తేమ లేనప్పుడు అది చర్మం లోపలి నీటినే పైకి లాగుతుంది. అందుకే నీళ్లలోనో పన్నీరులోనో కలిపి రాసి, దాని మీద పలుచగా వాజెలిన్ గానీ క్రీము గానీ పూయమను. కొబ్బరినూనె అక్కడి చలికి సీసాలోనే గడ్డకడుతుంది, వేలితో తీసి అరచేతిలో కరిగిస్తే చాలు. ఒంటికి నువ్వులనూనె అయితే నాకు మరీ ఇష్టం. ఇక సున్నిపిండి. పెద్దవాళ్లు వదలనివ్వరు, వదలాల్సిన పని కూడా లేదు. పొడిగా రుద్దితే మాత్రం చర్మం ఇంకా గరుకెక్కుతుంది. పాలమీగడలో కలిపి, నూనె రాసిన ఒంటి మీద మెల్లగా రాయాలి. ముఖానికి నిమ్మరసం మాత్రం వద్దని గట్టిగా చెప్పు. ఆ పులుపు పొడి చర్మాన్ని మండించి ఎర్రబారుస్తుంది, దాని మీద ఎండ తగిలితే మచ్చలు పడతాయి. నీరెండే కదా అని సన్‌స్క్రీన్ మానేస్తారు. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది పగలు బయటికి వెళ్లేముందు రాసుకోవాల్సిందే.

ముఖం గురించి అందరూ అడుగుతారు. మడమల సంగతి నువ్వే అడగాలి. చలికాలపు పెళ్లిళ్లలో నేను మొదట చూసేది పాదాలే. పారాణి పెట్టినప్పుడు ఆ ఎర్రటి నీరు పగుళ్లలోకి దిగి, ఒక్కొక్క గీతా గీసినట్టు బయటపడుతుంది. మెట్టెలు తొడిగేటప్పుడు, సన్నికల్లు తొక్కించేటప్పుడు, ఏడడుగులు నడిచేటప్పుడు కెమెరాలన్నీ ఆ పాదాల మీదే ఉంటాయి. ఒక్కరోజు పెడిక్యూర్‌తో పగుళ్లు పోవు. రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్లలో పావుగంట పాదాలు నానబెట్టి, తుడుచుకుని, యూరియా ఉన్న ఫుట్ క్రీము పట్టించి, మేజోళ్లు వేసుకుని పడుకోవాలి. మందుల దుకాణంలో పది, ఇరవై శాతం యూరియా క్రీములు దొరుకుతాయి. పగుళ్లలోంచి రక్తం వస్తుంటే అది రాయవద్దు, మంట పుడుతుంది. ముందు వాజెలిన్‌తో మాననివ్వాలి. బ్లేడుతో గీకే అలవాటు ఉంటే ఆ రోజుతోనే మాన్పించు.

పెదవులు నాలుకతో తడుపుకునే కొద్దీ ఇంకా పగులుతాయి. రాత్రి పడుకునేముందు కాస్త నెయ్యి రాసుకోమను, నెల గడిచేసరికి లిప్‌స్టిక్ ఎంత నున్నగా కూర్చుంటుందో నువ్వే చూస్తావు. మెరుపు లేకుండా ఆరిపోయే మ్యాట్ లిక్విడ్ లిప్‌స్టిక్ మాత్రం ఆ నెలల్లో పక్కన పెట్టేయి. క్రీము రకం వాడి, టిష్యూతో అద్ది, మళ్లీ ఒక పొర వేస్తే చాలాసేపు నిలుస్తుంది.

పెళ్లిరోజు మంగళస్నానం కాగానే అమ్మాయిని నీ దగ్గరికి పంపుతారు. నుదుటి పైన, చెవుల వెనక, మెడ ముడతల్లో నూనె, పసుపు మిగిలి ఉంటాయి. నూనె మీద ఫౌండేషన్ జారుతుంది, పసుపు మీద రంగు మారుతుంది. తడి దూదితో అవన్నీ తుడిచి, మాయిశ్చరైజర్ పట్టించి, అది ఇంకేదాకా పది నిమిషాలు ఆగు. ముహూర్తానికి ఆలస్యమవుతోందని చుట్టూ ఎంత తొందరపెట్టినా ఆ పది నిమిషాలు వదులుకోకు, ఆలోగా జడ వేయి. ఫౌండేషన్ క్రీము రకమే కావాలి. తడి స్పాంజితో అద్దుతూ పలుచని పొరలుగా వెయ్యి. పౌడర్ ముక్కు మీద, నుదుటి మీద, గడ్డం మీద కొద్దిగా చాలు, బుగ్గలను మెరవనివ్వు. బాసికం దారం కట్టే చోట మాత్రం పౌడర్ గట్టిగానే అద్దు, లేకపోతే దారం రాసుకుని గీత పడిపోతుంది. హోమం పొగకు కళ్లు తప్పకుండా చెమరుస్తాయి కాబట్టి కాటుక, మస్కారా నీళ్లకు చెదరనివే వాడు. రాత్రి పెళ్లయితే సన్‌స్క్రీన్ అక్కర్లేదు, కొన్ని రకాలు ఫ్లాష్ వెలుగుకు ముఖాన్ని సున్నం కొట్టినట్టు చూపిస్తాయి. ఫేషియల్ పెళ్లికి నాలుగైదు రోజుల ముందే అయిపోవాలి. కొత్త వస్తువు ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడందే ముఖానికి తేకు.

ఇంకొకటుంది, ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. కొందరు అమ్మాయిలు నెలలో తెల్లబడాలని స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసుకుని వస్తారు. మొదట్లో ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి, చలిగాలి తగిలినా మంటే. డాక్టరు చీటీ లేకుండా వీటిని అమ్మకూడదని 2018లోనే నిబంధన వచ్చినా అమ్మకాలు ఆగలేదు. అలాంటి ముఖం నీ ముందుకు వస్తే పేరులేని డబ్బా ఏదైనా వాడుతోందేమో మెల్లగా అడుగు. ఉన్నట్టుండి మానేస్తే మంట ఇంకా ఎక్కువవుతుంది కాబట్టి చర్మవైద్యుడి దగ్గరికి పంపు. తెల్లగా చేస్తానని నువ్వు మాత్రం ఎవరికీ మాట ఇవ్వకు. చామనఛాయ అమ్మాయికి ఆమె ఛాయ ఫౌండేషనే వెయ్యి. పెళ్లివాళ్లు రెండు షేడ్లు పైకి పొమ్మంటే, ముఖానికీ మెడకూ చేతులకూ తేడా వచ్చి ఫోటోల్లో బూడిద పూసినట్టు ఉంటుందని వాళ్లకు అద్దంలో చూపించి చెప్పు.

నీ తొలి పెళ్లికూతుర్ని ఈ వారంలోనే ఒకసారి పిలిపించు. మేకప్ లేకుండా పగటి వెలుగులో ముఖం, పెదవులు, మడమలు ఫోటోలు తీసి, ఆమె ఒప్పుకుంటే నాకు పంపు. ఏ క్రీము ఎప్పుడు మొదలుపెట్టాలో చూసి చెబుతాను.

మీ నాన్నను అడిగానని చెప్పు.

నీ అత్త