రక్తం చూసి కళ్లు తిరిగితే నీట్ మానేయాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా, దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా పెద్దబిడ్డ మిర్యాలగూడలో ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతున్నది. డాక్టర్ కావాలి, కాకుంటే నర్సయినా కావాలి అని చిన్నప్పటి నుంచి అనేది. పోయిన ఏడాది కాలేజీలో బ్లడ్ గ్రూప్ పరీక్ష చేస్తుంటే కళ్లు తిరిగి పడిపోయింది. మా తమ్ముడు చూసి 'ఇది బ్లడ్ ఫోబియా, దీనికి మందు లేదు' అన్నాడు. ఇప్పుడు పిల్ల కూడా అదే మాట అంటున్నది. నీట్ రాయనంటున్నది. తొమ్మిదో తరగతి చదివే కొడుక్కేమో మ్యాథ్స్ ఫోబియా ఉందని ట్యూషన్ సారు చెప్పారు. వీళ్లిద్దరినీ ఏం చదివించాలి?

జవాబు: అమ్మా, మీ తమ్ముడు చెప్పిన దాంట్లో 'మందు లేదు' అన్నది తప్పు. రక్తం, సూది, గాయం చూస్తే వచ్చే ఫోబియాకు చికిత్స ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. అసలు మీ బిడ్డది ఫోబియానా కాదా అన్నది ఉత్తరం చదివి నేను తేల్చలేను. పక్కన నిలబడి చూసిన మీ తమ్ముడూ తేల్చలేడు.

రాత్రిపూట వరిమడికి నీళ్లు పెట్టడానికి పోయే రైతుకు పామంటే భయం ఉంటుంది. టార్చి పట్టుకుంటాడు, గట్టు మీద కర్రతో తట్టుకుంటూ నడుస్తాడు. ఆ భయం ఆయనను కాపాడుతుంది. అదే మనిషి పుస్తకంలో పాము బొమ్మ ఉందని పేజీ తిప్పలేకపోయినా, ఎక్కడో పాము కనిపించిందని విని నెలల తరబడి పొలానికే పోకపోయినా అప్పుడు ఆలోచించాలి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తెచ్చిన డీఎస్ఎం-5 అనే, మానసిక సమస్యలను గుర్తించే పుస్తకాన్ని డాక్టర్లు చాలా దేశాల్లో చూస్తారు. దాని ప్రకారం ఫోబియా అనాలంటే భయం అసలు ప్రమాదానికి మించి ఉండాలి, అది ఎదురైన దాదాపు ప్రతిసారీ వెంటనే రావాలి. మనిషి దాన్ని తప్పించుకు తిరగాలి, లేదంటే విపరీతమైన బాధతో భరించాలి. దానివల్ల చదువో, పనో, రోజువారీ జీవితమో దెబ్బతినాలి. ఇదంతా మామూలుగా ఆరు నెలలైనా సాగాలి.

మీరు రాసింది ఒక్క రోజు సంగతి. ఆ రోజు పిల్ల పొద్దున ఏమైనా తిన్నదా? ఎండలో వరుసలో ఎంతసేపు నిలబడింది? ముందు నిలబడ్డ పిల్ల ఏడుస్తుంటే చూసిందా? అంతకుముందు టీకాలప్పుడు ఎట్లా ఉండేది? దసరాకు ఇంట్లో యాటను కోస్తే దగ్గర ఉంటుందా, లోపలికి పోతుందా? వేలు తెగితే తనే కట్టు కట్టుకుంటుందా? ఇవన్నీ కూర్చోబెట్టి నిదానంగా అడగండి. ఖాళీ కడుపుతో నిలబడి పడిపోయిన పిల్లకూ, చిన్నప్పటి నుంచి సూది చూస్తే పడిపోయే పిల్లకూ తేడా ఉంది. మెడిసిన్ చదివేవాళ్లలో కూడా మొదటిసారి ఆపరేషన్ థియేటర్లో కళ్లు తిరిగేవాళ్లు ఉంటారు. ఆ తర్వాత అలవాటుపడి మంచి సర్జన్లు అయినవాళ్లూ ఉంటారు.

ఒకవేళ ఇది నిజంగా ఫోబియానే అయినా, దీని తీరు వేరు. పాముకో ఎత్తుకో భయపడితే గుండె వేగం, బీపీ పెరుగుతాయి. రక్తం చూసినప్పుడు మాత్రం చాలామందిలో అవి కాసేపు పెరిగి, ఆ వెంటనే ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకు రక్తం తగ్గి మనిషి ఒరిగిపోతాడు. ఇది పిరికితనం కాదు, శరీరం స్పందించే తీరు. కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది కూడా. అందుకే 'ఒళ్లు వదులు చెయ్యి, ఊపిరి గట్టిగా పీల్చు' అని చెబితే ఇక్కడ పెద్దగా ఉపయోగం ఉండదు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ యోరాన్ ఓస్ట్ 1980లలో దీనికి తగిన పద్ధతిని రూపొందించారు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను ముఖం వెచ్చబడేదాకా పది పదిహేను సెకన్లు బిగించి, అరనిమిషం వదిలి, మళ్లీ బిగించాలి. అట్లా బీపీ పడిపోకుండా నిలబెట్టుకోవడం నేర్పుతారు. దాంతోపాటు ముందు బొమ్మలు, తర్వాత సిరంజి, తర్వాత నిజమైన రక్తపరీక్ష అని మెట్టు మెట్టుగా అలవాటు చేస్తారు. నిపుణుల దగ్గర నేర్చుకుంటేనే మంచిది.

నాకు ఆందోళన కలిగించింది మాత్రం 'ఫోబియా' అన్న ఆ పేరు మీ ఇంట్లో చేస్తున్న పని. ఏడాది కింద పిల్ల 'ఆ రోజు పడిపోయాను' అనేది. ఇప్పుడు 'నాకు ఫోబియా' అంటున్నది. ఒకనాటి సంగతి తన స్వభావం అయిపోయింది. ఇట్లాంటి ఇళ్లలో ప్రేమతోనే జరిగేది ఒకటి ఉంది. పిల్లను ల్యాబుకు పంపరు, టీవీలో ఆపరేషన్ వస్తే ఛానల్ మారుస్తారు, చుట్టాలు వస్తే 'మా పిల్లకు రక్తం పడదు' అని పరిచయం చేస్తారు. తప్పించుకున్న ప్రతిసారీ పిల్లకు హాయిగా ఉంటుంది. ఆ హాయే భయాన్ని గట్టిపరుస్తుంది, ఎందుకంటే ఎదుర్కొంటే ఏమవుతుందో తెలుసుకునే అవకాశమే తనకు రాదు.

పేరు పెట్టడం ఎప్పుడూ చెడ్డదని నేను అనను. చిన్నప్పటి నుంచి 'పిరికిది' అనిపించుకున్న పిల్లకు డాక్టర్ కూర్చోబెట్టి ఇది ఫలానా సమస్య, ఇట్లా తగ్గుతుంది అని చెబితే సిగ్గు పోతుంది, ధైర్యం వస్తుంది. ఆ పేరు వెంట చికిత్స వస్తుంది. చుట్టం పెట్టిన పేరు వెంట 'ఇది నీవల్ల కాదు' అన్న మాట ఒక్కటే వచ్చింది. ఆ మాటను ఇక ఇంట్లో వాడకండి. మీ తమ్ముడికి కూడా చెప్పండి, కోపంగా కాదు, గట్టిగా.

నల్గొండలో ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి మానసిక వైద్య విభాగంలో చూపించండి. పిచ్చి ఉన్నవాళ్లే అక్కడికి పోతారని ఊళ్లో అంటే పట్టించుకోకండి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పిల్లనే మాట్లాడనివ్వండి.

నీట్ ఫారం నింపించండి. పరీక్ష రాసినంత మాత్రాన డాక్టర్ కావాల్సిందేనని ఎవరూ పట్టుబట్టరు. రాయకపోతే మాత్రం ఈ ఏడాదికి ఆ దారి మూసుకుపోతుంది. ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ కూడా రాయించండి. రక్తానికి భయపడి వేరే కోర్సుకు పారిపోవడం కూడా తేలిక కాదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో రోజూ రక్తంతోనే పని, వెటర్నరీలోనూ తప్పదు. చికిత్స తీసుకున్నాక కూడా తనకు పొలం మీదనో మందుల తయారీ మీదనో మనసుంటే సంతోషంగా పంపండి. అప్పుడది తను ఎంచుకున్నది అవుతుంది.

ఇక మీ కొడుకు. తొమ్మిదో తరగతి పిల్లాడు లెక్క తప్పితే ఫోబియా అనే అలవాటు మన ట్యూషన్లలో బాగా పెరిగింది. ఆ మాట అన్నాక ఎక్కడ ఆగిపోయాడో ఎవరూ వెతకరు. చాలాసార్లు భిన్నాల దగ్గరో, రుణ సంఖ్యల దగ్గరో పునాది వదిలేసి ఉంటుంది. ఆ తర్వాత బీజగణితం ఎట్లా వస్తుంది? పరీక్షంటే టెన్షన్ ఉండొచ్చు, అది వేరే. ఆరో తరగతి లెక్కల పుస్తకం తెచ్చి రోజూ అరగంట, మార్కులు వేయకుండా, మొదటి నుంచి చేయించమని సారుకు చెప్పండి. మీరో, వాళ్ల అక్కో పక్కన కూర్చోండి. ఎంపీసీ తీసుకోవాలా వద్దా అన్నది పదో తరగతి అయ్యాక మాట్లాడుకుందాం.