టెక్సస్‌లో ఎక్కడ దిగాలి? నల్లగొండ, పాలమూరు పిల్లలకు నా జవాబు

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నలు ముందు పెడతాను. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి డాలస్‌కు వస్తున్న పిల్లలందరూ దాదాపు ఇవే అడుగుతున్నారు. "అన్నా, టెక్సస్ బాగా పెరుగుతోందట కదా. మావాళ్లంతా డాలస్‌కు ఉత్తరాన ప్రాస్పర్, సెలీనా వైపు ఇళ్లు కొంటున్నారు. రాగానే అక్కడే దిగితే మంచిదేనా? ఏడాదిలో ఇల్లు కొనేయొచ్చా?"

రెండింటికీ నా జవాబు ఒకటే, తొందరపడొద్దు. ఎందుకో చెప్పాలంటే ఆ రాష్ట్రంలో జనం ఎక్కడ పెరుగుతున్నారో, ఎక్కడ తగ్గుతున్నారో చెప్పాలి.

2010లో టెక్సస్ జనాభా 2.51 కోట్లు. 2020 లెక్కల్లో 2.91 కోట్లు. అంటే పదేళ్లలో 40 లక్షల మంది పెరిగారు. 2022లో 3 కోట్లు దాటింది. ఇంతవరకే విన్నవాళ్లు రాష్ట్రమంతా కళకళలాడుతోందని అనుకుంటారు. కానీ ఆ పదేళ్లలోనే అక్కడున్న 254 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) 143 కౌంటీల్లో జనం తగ్గారు. పశ్చిమాన లవింగ్ కౌంటీ అని ఒకటుంది, 2020లో అక్కడ లెక్కకొచ్చింది 64 మంది. పెరుగుదలలో ఎక్కువ భాగం డాలస్-ఫోర్ట్‌వర్త్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, ఆస్టిన్ చుట్టూనే జరిగింది. అందులోనూ నగరం నడిబొడ్డున తక్కువ, అంచుల్లో ఎక్కువ. డాలస్ కౌంటీ 10 శాతం పెరిగితే, దానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న కాలిన్ కౌంటీ 36 శాతం పెరిగి 10.64 లక్షలకు చేరింది. ఆ వైపే ఉన్న ఫ్రిస్కో నగరం 1.17 లక్షల నుంచి 2 లక్షలైంది.

మనకిది కొత్త కథ కాదు. 2001 నుంచి 2011 వరకు హైదరాబాద్ జిల్లా 3 శాతం కూడా పెరగలేదు, చుట్టూ ఉన్న రంగారెడ్డి మాత్రం 48 శాతం పెరిగింది. అదే కాలంలో తెలంగాణ మొత్తం మీద పెరుగుదల 13.6 శాతం, ఉమ్మడి నల్లగొండలో 7.4 శాతమే. కాన్పులు తగ్గడం ఒక కారణం, ఊళ్లు ఖాళీ కావడం ఇంకో కారణం. మనవాళ్లు ఎటు పోయారో ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వీధుల్లో తిరిగితే తెలుస్తుంది. విజయవాడ రోడ్డు పట్టుకుని వచ్చినవాళ్లు ఆ రోడ్డు సిటీలో కలిసే చోటే గూడు కట్టుకున్నారు. పాలమూరువాళ్లలో చాలామంది బెంగళూరు రోడ్డు మీద శంషాబాద్ దిక్కున ఆగారు. పండక్కి బస్సెక్కితే సొంతూరు రావాలని వాళ్ల ఆలోచన, అది తెలివైన ఆలోచన.

డాలస్‌కొచ్చి కూడా మనం అదే లెక్క వేస్తున్నాం, మనవాళ్లున్న వైపే దిగాలని. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. సెలీనాలో దిగితే ఊరేమీ దగ్గర కాదు, డాలస్ డౌన్‌టౌన్ మాత్రం 40 మైళ్ల దూరం. 2023లో దేశంలోనే అతి వేగంగా పెరిగిన నగరం సెలీనా, 2024లో ఆ పేరు కాలిన్ కౌంటీలోనే ఉన్న ప్రిన్స్‌టన్‌కు వచ్చింది. అంత వేగంగా పెరిగే చోట ఇళ్లు ముందొస్తాయి, రోడ్లూ ఆస్పత్రులూ తర్వాతెప్పుడో వస్తాయి. రైలు లేదు. కారు లేకుండా పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేరు. అందుకే మొదటి ఏడాది డాలస్‌ను ఆనుకుని ఉన్న ఇర్వింగ్‌లో అద్దెకుండండి అంటాను. అక్కడ డాలస్ లోకల్ రైలు డార్ట్ ఉంది, నడిచే దూరంలో మన కిరాణా కొట్లున్న అపార్ట్‌మెంట్లూ దొరుకుతాయి. ఆఫీసు ఎక్కడో తేలాక, ఉద్యోగం కుదురుకున్నాక ఎటు వెళ్లాలో చూసుకోవచ్చు. హెచ్-1బీ వీసా మీద ఉన్నప్పుడు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఇచ్చే గడువు మామూలుగా 60 రోజులు. నెత్తిమీద 30 ఏళ్ల లోను ఉంటే ఆ 60 రోజులు ఎంత టెన్షన్‌గా గడుస్తాయో నా కళ్లతో చూశాను. ఆ అవస్థ మీలో ఎవరికీ వద్దు.

ఇక ఇల్లు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని అందరూ సంబరంగా చెబుతారు. బడులు, రోడ్లు, పోలీసుల ఖర్చులో పెద్ద వాటా ఇంటి పన్నులోంచి వస్తుందని ఎవరూ చెప్పరు. ఇంటి విలువ మీద ఏటా 2 శాతం పైన పన్ను పడటం ఆ కొత్త కాలనీల్లో మామూలే. కొత్తగా పుట్టిన కాలనీలైతే నీటి పైపులు, డ్రైనేజీ, రోడ్ల కోసం చేసిన అప్పు తీర్చడానికి మడ్ (MUD) అనో, పిడ్ (PID) అనో అదనంగా వసూలు చేస్తారు. అమ్మేవాళ్లు కాగితాల్లో రాస్తారు గానీ నోటితో చెప్పరు. మీరే అడగాలి.

రెండో ఏడాది చాలామందిని దెబ్బకొట్టేది ఇంకొకటుంది. జనవరి 1న ఆస్తి ఏ స్థితిలో ఉందో దాన్నిబట్టి ఆ ఏడాది పన్ను వేస్తారు. ఆ రోజుకి అక్కడ ఖాళీ జాగా ఉండి, మీరు జూలైలో గృహప్రవేశం చేశారనుకోండి, మొదటి ఏడాది పన్ను జాగా మీదే పడుతుంది. నెల కిస్తీ తేలిగ్గా కనిపిస్తుంది. మరుసటి ఏడాది మొత్తం ఇంటి మీద పన్ను వేస్తారు. పన్ను కోసం కిస్తీతో కలిపి తీసుకుని దాచే డబ్బు (ఎస్క్రో) అప్పుడు చాలదు, లోను కంపెనీ నుంచి 'ఎస్క్రో షార్టేజ్' అని ఉత్తరం వస్తుంది. పాత బాకీ, కొత్త పన్ను రెండూ కలిసి కిస్తీ నెలకు కొన్ని వందల డాలర్లు పెరుగుతుంది. ఆ ఉత్తరం చూసి కంగారుపడి ఫోన్ చేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. కొనేరోజే ఇల్లు పూర్తయిన విలువ మీద పన్ను ఎంతో లెక్క కట్టించుకోండి. దిగిన వెంటనే, మనం ఉండే సొంత ఇంటి మీద పన్ను తగ్గించే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు దరఖాస్తు పెట్టండి. అది ఉచితం. డబ్బులిస్తే చేసిపెడతామని వచ్చే ఉత్తరాలను నమ్మకండి.

"మంచి స్కూలు కోసమే అంత దూరం వెళ్తున్నాం" అంటారు. స్కూళ్లూ జనాభాతో పాటే పెరుగుతాయి, తగ్గుతాయి. ఒకప్పుడు డాలస్‌కు ఉత్తరాన ఉన్న ప్లేనో నగరం ఇప్పటి ఫ్రిస్కోలాగే పరుగులు పెట్టింది. ఆ పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, ఇళ్ల ధరలు చిన్న కుటుంబాలకు అందడం లేదు. పిల్లలు తగ్గి, అక్కడి సర్కారు బడులు నడిపే ప్లేనో స్కూల్ డిస్ట్రిక్ట్ 2025లో నాలుగు బడులు మూసేసింది. ఇంకా అంచున ఉన్న చోట ఉల్టా, ఏటా కొత్త బడి కడతారు, కట్టినప్పుడల్లా ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో చెప్పే హద్దులు మారుస్తారు. మీరు ఏ బడిని చూసి ఇల్లు కొన్నారో మీ పాప అదే బడికి వెళ్తుందన్న గ్యారంటీ లేదు. కొనేముందు డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి హద్దులు మార్చే ఆలోచన ఉందా అని అడగండి.

నీళ్ల సంగతి మీరెవరూ అడగలేదు, నేనే చెబుతాను. నల్లగొండ బిడ్డగా నాకది పట్టకుండా ఉండదు. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన తరం మాది. మన జిల్లాలోని అక్కంపల్లి రిజర్వాయర్ నుంచే కృష్ణా నీళ్లు కోదండాపూర్‌లో శుద్ధి అయి హైదరాబాద్‌కు వెళ్తాయి. నగరం పెరిగితే దాని దాహం పక్క జిల్లాల దాకా వస్తుంది. కాలిన్ కౌంటీకీ అంతే. దానికీ చుట్టుపక్కల ఊళ్లకూ నీళ్ల కోసం ఈశాన్యాన ఫానిన్ కౌంటీలో 16 వేల ఎకరాలకు పైగా భూమిని ముంచి బో డార్క్ చెరువు కట్టారు, 2023లో నీళ్లు ఇవ్వడం మొదలైంది. టెక్సస్‌లో దాదాపు 30 ఏళ్ల తర్వాత కట్టిన పెద్ద రిజర్వాయర్ అది. ఆ నీటి అడుగున ఎవరో రైతుల పొలాలున్నాయి. డిండి, నాగార్జునసాగర్ ముంపు గ్రామాల పేర్లు ఇళ్లలో విన్నవాళ్లం, మనకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి లాన్‌కు వారంలో ఏ రోజు నీళ్లు పట్టాలో నగరం చెబితే ఆ రోజే పట్టండి. పెద్ద లాన్ ఉన్న ఇల్లు గొప్ప కోసం కొనకండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. 2010 తర్వాతి పదేళ్లలో టెక్సస్‌లో పెరిగిన జనంలో 95 శాతం శ్వేతజాతేతరులు, అందులో సగం హిస్పానిక్‌లు. 2022 నాటికి తెల్లవాళ్లను దాటి హిస్పానిక్‌లే రాష్ట్రంలో అతిపెద్ద వర్గమయ్యారు. 2020 నాటికే ఫ్రిస్కోలో దాదాపు నలుగురిలో ఒకరు ఆసియా మూలాలున్నవాళ్లు. కానీ మనవాళ్లు చాలామంది తెలుగు వాట్సాప్ గ్రూపు దాటి అడుగు బయట పెట్టరు. మీ ఇంటి పైకప్పు వేసేవాళ్లలో ఎక్కువ మంది స్పానిష్ మాట్లాడేవాళ్లే. ఎండాకాలం మధ్యాహ్నం నలభై డిగ్రీల వేడిలో, ఏటవాలు కప్పు మీద మోకాళ్లపై కూర్చుని మేకులు కొట్టే ఆ మనిషి, కరువుకు బొంబాయి, పుణే పోయి రోడ్లేసిన మన పాలమూరు కూలీ లాంటివాడే. పలకరించండి, చల్లటి నీళ్లివ్వండి. పిల్లలు బడిలో స్పానిష్ నేర్చుకుంటామంటే ప్రోత్సహించండి.

2030లో అక్కడ మళ్లీ జనాభా లెక్కలు. వీసా మీద ఉన్నాం, మనకెందుకని ఫారం పక్కన పడేయకండి. అక్కడ నివాసం ఉంటున్న అందరినీ లెక్కలోకి తీసుకోవడం ఇప్పటిదాకా వస్తున్న పద్ధతి, మీ వివరాలు బయటపెట్టకూడదని చట్టమూ ఉంది. 2020 లెక్కల వల్లే అమెరికా కాంగ్రెస్‌లో టెక్సస్‌కు రెండు సీట్లు పెరిగి 38 అయ్యాయి. బడులకూ రోడ్లకూ వచ్చే కేంద్రం డబ్బులు కూడా చాలావరకు ఈ లెక్కల మీదే ఆధారపడతాయి.

అమ్మానాన్నలను ఎప్పుడు పిలిపించుకోవాలని చివర్లో అడిగావు కదా తమ్ముడూ. ఎండలు తగ్గాక అక్టోబర్‌లో పిలిపించుకో. వాళ్లు వచ్చేసరికి గుడికో, పార్కుకో నీమీద ఆధారపడకుండా నడిచి వెళ్లగలిగే చోట అద్దెకుండు. రోజంతా నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే రెండు వారాలకే టికెట్ మార్చమంటారు.