మీరడిగారు: ఆ మంత్రదండం ఎందుకు విరిచేశారు?

(శీర్షిక నిర్వహణ: చిక్కడపల్లి అద్దె పుస్తకాల ఆంటీ)

ప్రశ్న: ఆంటీ, హ్యారీ పోటర్ పుస్తకాలు ఏడూ చదివాను. మొన్న హాస్టల్లో అందరం కలిసి చివరి సినిమా చూశాం. పుస్తకంలో విరిగిపోయిన తన పాత దండాన్ని హ్యారీ ఎల్డర్ వాండ్ అనే మహాశక్తి ఉన్న మంత్రదండంతో బాగుచేసుకుంటాడు. సినిమాలో ఆ ఎల్డర్ వాండ్‌నే పుటుక్కున విరిచి అవతల పారేస్తాడు. నేను గొడవ చేస్తే ‘సినిమా వేరు, పుస్తకం వేరు, నోర్మూసుకుని చూడు’ అన్నారు మా వాళ్లు. మీరైనా చెప్పండి, ఎవరిది తప్పు?
– బీటెక్ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: నేను నీ వైపేనమ్మాయ్. కాకపోతే నువ్వు అలిగింది ఒకందుకు, నాకు కోపమొచ్చింది ఇంకొకందుకు. (చివరి భాగం చదవనివాళ్లు, చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ఈ జవాబు దాటేసి కిందికి వెళ్లిపోండి. ముగింపు మొత్తం విప్పేస్తున్నాను.)

ముందు సినిమావాళ్ల తరఫున ఒక మాట. మా అబ్బాయి ఎడిటింగ్ రూముల్లో పనిచేస్తాడు, వాళ్ల గోడు నాకు భోజనాల దగ్గర రోజూ వినబడేదే. స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద ఇంచుమించు ఒక నిమిషం. రెండున్నర గంటల సినిమాకి 150 పేజీలు, అందులోనూ సగం ఖాళీ జాగా. మరి ఐదో పుస్తకం బ్రిటన్ ముద్రణలో 766 పేజీలు. సినిమా 138 నిమిషాలు. రెండో పుస్తకం 251 పేజీలే. దాని సినిమా 161 నిమిషాలు, మొత్తం ఎనిమిదింటిలోకీ అదే పొడుగు. పుస్తకం లావుకీ సినిమా నిడివికీ సంబంధం లేదని తెలుస్తోంది కదా. కత్తెర తప్పదు. ఫలానా సీన్ ఏదీ, ఫలానా పాత్ర ఏదీ అని వెతుక్కుంటూ కూర్చుంటే అది సినిమా చూడడం కాదు, ఇల్లు మారాక సామాను లెక్కచూసుకోవడం.

నేను చూసేది ఒక్కటే. మాయకు లెక్క ఉందా లేదా? ఏది ఎవరి మాట వింటుంది, ఎప్పుడు వినదు అన్నది ముందే చెప్పాలి, చెప్పాక చివరిదాకా దానికి కట్టుబడాలి. 1951లో కె.వి. రెడ్డి తీసిన పాతాళభైరవి చూడు. ఆ బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే వింటుంది, అంతే. తోటరాముడు మంచివాడు కదా అని, మాంత్రికుడి చేతికి పోయాక కూడా రాముడికి సాయం చెయ్యదు. అందుకే బొమ్మ చేతులు మారినప్పుడల్లా మనకి టెన్షన్.

ఇప్పుడు నీ దండం దగ్గరికి వద్దాం. ఎల్డర్ వాండ్ పట్టుకున్నవాడి మాట వినదు, గెలిచినవాడి మాట వింటుంది. హ్యారీ బడి పెద్దాయన డంబుల్‌డోర్ చేతిలోంచి దాన్ని ఎగరగొట్టినవాడు డ్రేకో అనే కుర్రాడు. ఆ డ్రేకో చేతిలోని సొంత దండాన్ని హ్యారీ లాక్కున్నాడు. కాబట్టి విలన్ వోల్డెమార్ట్ వెళ్లి డంబుల్‌డోర్ సమాధి తవ్వి తెచ్చుకున్నా ఆ దండం హ్యారీదే. రౌలింగ్ పుస్తకంలో ఈ లెక్కంతా హ్యారీ నిండు సభలో, వోల్డెమార్ట్ మొహం మీదే చెబుతాడు. ఆ తర్వాతే ఇద్దరూ మంత్రాలు వదులుతారు. చదువుతున్నవాళ్లకి ఫలితం ముందే తెలిసిపోతుంది, అయినా గుండె దడదడలాడుతుంది. వోల్డెమార్ట్‌కి ఒక్క క్షణం అనుమానం వస్తుంది చూశావూ, నా దృష్టిలో అసలు యుద్ధం అక్కడే అయిపోయింది.

సినిమాలో ఇద్దరూ ఖాళీ ఆవరణలో ఒంటరిగా కొట్టుకుంటారు. లెక్క మాత్రం అంతా అయిపోయాక, వంతెన మీద నిలబడి, స్నేహితులు రాన్‌కీ హెర్మయనీకీ చెబుతాడు. పరీక్ష రాసి బయటికొచ్చాక చెప్పిన ఫార్ములా ఎవరికి కావాలి? దండం విరిచాడా, బాగుచేసుకున్నాడా అన్నది దీని ముందు చిన్న విషయం. నిజం చెప్పాలంటే, అంత శక్తి ఉన్నదాన్ని కుర్రాడు విరిచి లోయలోకి విసిరెయ్యడం నాకు నచ్చింది కూడా. పుస్తకంలో దాన్ని మళ్లీ సమాధిలోనే పెట్టేస్తానంటాడు, తను ఎవరి చేతిలోనూ ఓడకుండా చనిపోతే దాని శక్తి తనతోనే అంతమైపోతుందని. ఈ ఆలోచనని తెర మీద చూపించడం కష్టం. విరిచి పారేస్తే వెనక బెంచీవాడికీ అర్థమవుతుంది.

నాకు అసలు మంట వోల్డెమార్ట్ చావు దగ్గర. పుస్తకంలో వాడు మామూలు మనిషిలా దబ్బున కింద పడి చస్తాడు. అందరూ చూస్తుండగా, ఖాళీ చేతులతో. శవాన్ని తీసుకెళ్లి పక్కగదిలో పెడతారు. చావకూడదని ఆత్మని ముక్కలు ముక్కలు చేసుకున్నవాడు చివరికి అందరిలాంటి శవమయ్యాడు. కథ మొత్తం వాడు ఇలా పడిపోవడం కోసమే నడిచింది. సినిమాలో రేకులు రేకులుగా గాల్లో ఎగిరిపోతాడు. 2011లో అది త్రీడీలోనూ విడుదలైంది, రేకులు మన మొహం మీదికి ఎగిరొస్తాయని ఆశపడ్డారేమో మరి. చూడ్డానికి బాగుంది. కానీ వాడు బతికినన్నాళ్లూ కోరుకున్నది అదే, తను మామూలు మనిషి కాదనిపించుకోవడం. చచ్చేటప్పుడు వాడి కోరిక తీర్చి పంపారు!

అలాగని మార్చిన ప్రతిచోటా చెడగొట్టలేదు. దానికి ముందు భాగంలో, 2010 నాటి సినిమాలో, ముగ్గురు అన్నదమ్ముల కథ వస్తుంది గుర్తుందా? పుస్తకంలో హెర్మయనీ చదివి వినిపిస్తుంది. సినిమాలో ఆమె గొంతు వినబడుతుంటే తెర మీద నీడబొమ్మలు కదులుతాయి, సన్నటి పొడుగాటి కాళ్లూ చేతులూ, వెనక మాసిన కాగితంలాంటి వెలుతురు. మన తోలుబొమ్మలాట ఒక్కసారి చూసినవాళ్లకైనా అది కొత్తగా అనిపించదు, పరాయిగా అస్సలు అనిపించదు. ఆ కాసేపూ సినిమా పుస్తకాన్ని మించిపోయింది. మీ వాళ్లతో మళ్లీ కూర్చున్నప్పుడు అది చూపించి అప్పుడు పోట్లాడు.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. పుస్తకమంటే పారిపోతాడు, సినిమా అంటే ముందుంటాడు. హ్యారీ పోటర్ సినిమా చూపిస్తే ఇక పుస్తకం ముట్టుకోడని మా వారు, అసలు చూపించకపోతే దాని పేరే తెలియదని నేను. ఎవరి మాట వినాలి?
– గృహిణి, వనస్థలిపురం

జవాబు: ఈసారికి మీ మాటే వినండమ్మా. మొదటి రెండు సినిమాలూ చూపించేయండి. ఆ రెండూ పుస్తకాన్ని దాదాపు వరసగా అనుసరిస్తాయి, పిల్లలకి ఆ బడి, ఆ మనుషులు అలవాటైపోతారు. మూడోదాంట్లో బడి అంతా చూపించే ఒక మాయ మ్యాపు వస్తుంది, అది చూశాక ఒక ప్రశ్న వెయ్యండి: “ఆ మ్యాపు తయారుచేసింది ఎవర్రా?” చెప్పలేడు. ఎందుకంటే సినిమాలో చెప్పలేదు. మ్యాపు మీద నాలుగు మారుపేర్లు కనబడతాయి, ఆ నలుగురూ ఎవరో, హ్యారీ మంత్రం వేస్తే దుప్పే ఎందుకొస్తుందో తెలియాలంటే పుస్తకం తెరవాల్సిందే. సినిమా చూసేశాక కూడా గుట్టు మిగిలి ఉందంటే పిల్లలు ఊరుకోరు.

నా షాపులోనూ ఇదే చూశాను. సీరియల్ సినిమాగా వచ్చిందంటే ఆ వారం ఆ బైండు నాకు దొరికేది కాదు. బైండంటే ఈ కాలం పిల్లలకి తెలియదు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, అట్ట వేసి కుట్టించేవాళ్లం. కుట్టు లోపలికి పోవడంతో ప్రతి లైనులోనూ మొదటి అక్షరం మాయమయ్యేది. ఎవరో పుణ్యాత్మురాలు పెన్సిల్‌తో ఆ అక్షరాలు అంచున రాసి పెట్టేది. కథ మధ్యలో పేజీ తిప్పితే వెనకవైపు సగం గోంగూర పచ్చడి తయారీ, సగం తలనొప్పి మాత్రల ప్రకటన. సినిమా చూసి వచ్చినవాళ్లు అవన్నీ దాటుకుంటూ చదివేవాళ్లు, ‘సినిమాలో ఇది లేదండీ’ అని నాకు వచ్చి చెప్పడానికి.

ఒక జాగ్రత్త. మూడో భాగం నుంచి కథ చీకటిపడుతుంది, నాలుగో భాగం నుంచి మంచివాళ్లు చనిపోవడం కూడా మొదలవుతుంది. సర్టిఫికెట్లలో ఇప్పుడు యూఏ కింద 7+, 13+, 16+ అని విడదీసి ఇస్తున్నారు, కొత్త సినిమాలకి అది చూసుకోండి. పాతవాటికి మీరు పక్కన కూర్చోవడమే సర్టిఫికెట్.

ప్రశ్న: చందమామ సీరియళ్లు చదివి పెరిగిన తరం మాది. తోకచుక్క, రాకాసిలోయ లాంటివి ఇప్పటి గ్రాఫిక్స్‌తో తీస్తే ఇంగ్లిషు సినిమాలు ఎందుకు పనికొస్తాయి? మనవాళ్లకి ఎందుకు తోచదు?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నల్లకుంట

జవాబు: తోచకేం మాస్టారూ! సినిమావాళ్లు కథలు వెతుక్కుంటూ నా షాపుకి వచ్చినప్పుడు చందమామ బైండ్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడేవాళ్లు. అసలు ఆ పత్రికా, విజయా సంస్థా ఒక గూటివే. 1947లో చందమామ మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే పాతాళభైరవి నిర్మాతలు కూడా. ఇక్కడ ఆ కథలూ అక్కడ ఆ సినిమాలూ ఒకే రుచి ఉండడంలో వింత లేదు.

చిక్కు ఎక్కడంటే, దాసరి సుబ్రహ్మణ్యం గారు ఆ సీరియళ్లని నెలనెలా చదివించడానికి రాశారు. ప్రతి నెలా చివర్లో ఒక గండం: కొండచిలువ నోరు తెరిచింది, వంతెన తెగింది, తరువాయి వచ్చే సంచికలో. నెల తర్వాత ఆ గండం నాలుగు వాక్యాల్లో తీరిపోతుంది, వీరులిద్దరూ ఇంకో అడవిలోకి నడుస్తారు. చదవడానికి అమృతం. కానీ రెండున్నర గంటల సినిమాకి ఒక్కటే పెద్ద గండం కావాలి, అది ఇంటర్వెల్‌కి ముదరాలి. ఈ కథల్లో గండాలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. వాటిని బలవంతాన ఒక్కటిగా ముడేస్తే మిగిలేది పేరు మాత్రమే.

వెబ్ సిరీస్‌గా అయితే అతికినట్టు సరిపోతాయి, ఎపిసోడ్‌కి ఒక గండం చొప్పున. హక్కులు ఎవరి దగ్గరున్నాయో ముందు తేల్చుకోవాలి, అది వేరే కథ. ఇంకోటి, చిత్రా గారి బొమ్మలు పక్కన పెట్టుకుని తీయాలి. ఆ మాంత్రికుల మొహాల్లో ఉన్న వంకరతనం ఏ కంప్యూటర్‌కీ దానంతటదే రాదు.

ప్రశ్న: హాబిట్ అంత చిన్న పుస్తకాన్ని మూడు సినిమాలు చేశారు కదా. డబ్బు కోసమేనా?
– ప్రైవేటు ఉద్యోగి, సైదాబాద్

జవాబు: డబ్బు లేకుండా ఎవరు తీస్తారు బాబూ! కానీ అదే దర్శకుడు పీటర్ జాక్సన్ లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌కి మూడు తీసినప్పుడు ఎవరూ ఆ మాట అనలేదు, మూడోదానికి 11 ఆస్కార్లు వచ్చాయి. అక్కడ సరుకు ఎక్కువై కోసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ 1937లో పిల్లల కోసం రాసిన ఒక్క పుస్తకం, చాలక లార్డ్ ఆఫ్ ద రింగ్స్ పుస్తకం చివరి అనుబంధాల్లోంచి తెచ్చి కలిపారు. మూడోది చూస్తూ నేను నిద్రపోయాను. లేచేసరికి యుద్ధం ఇంకా జరుగుతూనే ఉంది.

ప్రశ్న: ఆంటీ, నాదొక ఫాంటసీ నవల, ఒక పత్రికలో సీరియల్‌గా వచ్చింది. కృష్ణానగర్‌లో ఒకాయన సినిమా తీస్తాను, ముందు కథ మొత్తం చెప్పు అంటున్నాడు. చెబితే కొట్టేస్తాడేమోనని భయం. చెప్పకపోతే అవకాశం పోతుందని భయం.
– కొత్త రచయిత, యూసుఫ్‌గూడ

జవాబు: అచ్చయిన కథ కదా నాయనా, నీకు సగం రక్షణ ఉన్నట్టే. రాసిన రోజునే కాపీరైట్ నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. నవలని సినిమాగా మార్చే హక్కు కూడా అందులో భాగమే. సీరియల్ వేసుకున్నంత మాత్రాన పత్రిక చేతికి సినిమా హక్కులు పోవు, నువ్వు సంతకం పెట్టిన కాగితంలో అలా ఉంటే తప్ప. ముందు ఆ కాగితం బయటికి తీసి చదువు.

అయితే ఐడియాకి కాపీరైట్ లేదు, దాన్ని నువ్వు నడిపించిన తీరుకే ఉంది. 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చిన మాట ఇది. ‘అద్దంలోంచి ఇంకో లోకంలోకి వెళ్లే పిల్ల’ నీ ఒక్కడిదే అనలేవు. ఆ లోకంలో ఏ అద్దం ఎవరికి తెరుచుకుంటుంది, వెళ్లినవాళ్లు ఏం పోగొట్టుకుంటారు, ఆ లెక్కలన్నీ నీవి. అందుకని ఆయనకి కథ చెప్పేముందు అవి విడిగా, వివరంగా రాసిపెట్టుకో. తెలుగు సినీ రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించు.

ఇక అగ్రిమెంటు. నోటిమాట చెల్లదు, హక్కులు ఇచ్చినట్టు రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నేళ్లకి అన్నది రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్లు. ఎక్కడికి అన్నది రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నవాడు ఏడాదిలోగా ఆ హక్కు వాడుకోకపోతే అది రద్దయిపోతుంది, అయితే వాళ్లు సాధారణంగా ‘ఈ నిబంధన వర్తించదు’ అని ఒక లైను ఇరికిస్తారు. ఆ లైను కోసం వెతుకు. వెబ్ సిరీస్, డబ్బింగ్, రెండో భాగం – ఒక్కొక్కటీ విడిగా రాయించుకో. ‘అన్ని హక్కులూ, శాశ్వతంగా’ అని ఉంటే అడ్వాన్సు ఎంతైనా సరే ఆ రోజు సంతకం పెట్టకుండా ఇంటికి వచ్చేసెయ్, లాయరుకి చూపించు.

కథ మాత్రం చెప్పు. చెప్పకుండా ఎవరూ కొనరు. చెప్పి వచ్చిన సాయంత్రమే, ‘ఈరోజు మీకు వినిపించిన నా నవల సారాంశం ఇది’ అని ఆయనకే ఒక మెయిల్ పెట్టెయ్. పత్రిక సంచికల తేదీలు కూడా అందులో రాయి.